రెండో వసంతానికి తులిప్

అంగట్లో కొన్న తులిప్ గడ్డ మొదటి వసంతంలో పూసిందంటే ఆ ఘనత నాటినవారిది కాదు, పండించినవారిది. నెదర్లాండ్స్ ఇసుక నేలల్లో ఒక రైతు దాన్ని కొన్నేళ్ళు పెంచి, చిన్నగా ఉన్నవాటిని మళ్ళీ నేలలోనే నాటుకొని, చుట్టుకొలత 11, 12 సెంటీమీటర్లు దాటినవాటిని ఏరి అమ్మకానికి పంపిస్తాడు. ఆకురాలు కాలంలో అది మన చేతికి వచ్చేసరికి పువ్వు లోపల తయారై కూర్చుంటుంది. గడ్డను నిలువుగా కోసి భూతద్దం పట్టి చూస్తే రేకులు, కేసరాలు వేటికవి కనిపిస్తాయి. దానికి చలి తగిలేలా, నీరు నిలవని చోట పాతిపెడితే చాలు, దాదాపు తప్పకుండా పూస్తుంది. తోటమాలి పనితనం తేలేది రెండో వసంతంలో. చాలా ఇళ్ళ ముందు ఆ రెండో వసంతం దిగులుగానే వస్తుంది. పోయినేడు మడి నిండా పూసిన చోట ఈసారి అక్కడో పువ్వు, ఇక్కడో పువ్వు. మిగతా చోట్ల ఒక్కొక్క వెడల్పాటి ఆకు, అంతే. మూడో ఏడు అదీ ఉండదు. దాంతో తులిప్ ఒక్క ఏడాది మొక్కేనని, ఏటా కొత్త గడ్డలు కొనుక్కోవలసిందేనని చాలామంది తీర్మానించుకుంటారు. ఆ తీర్మానం సగం మాత్రమే నిజం. తులిప్ పుట్టుకతో ఏళ్ళ తరబడి బతికే మొక్క. పూలు రాలాక వచ్చే ఆరు వారాల్లో మనం ఆకుల్ని ఏం చేస్తున్నామో, వేసవిలో ఆ మట్టికి ఎంత నీరు పెడుతున్నామో, అదే దాన్ని ఒక్క ఏడాది మొక్కగా మారుస్తోంది.

ఈ మాట ఎందుకు అనవలసి వస్తోందో తెలియాలంటే ఆ మొక్క పుట్టిన చోటును చూడాలి. తులిప్ హాలండ్‌ది కాదు. దాని పుట్టిల్లు మధ్య ఆసియా: తియాన్‌షాన్, పామీర్ పర్వతాల వాలులు, నేటి కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్‌ల రాతినేలలు. అక్కడ చలికాలం పొడుగు, నేల నెలల తరబడి మంచు కింద ఉంటుంది. మంచు కరిగాక కొన్ని వారాల తడి వసంతం, ఆ వెంటనే చుక్క నీరు లేని మండే వేసవి. తులిప్ ఆ కొన్ని వారాల్లోనే ఆకు వేసి, పూసి, విత్తనం కట్టి, గడ్డలో ఆహారం నింపుకొని నేల కింద దాక్కుంటుంది. వేసవంతా పైకి చచ్చినట్టుంటుంది కాని లోపల ఆ వెచ్చదనంలోనే వచ్చే ఏటి పువ్వు రూపు కడుతుంది. ఆకురాలు కాలంలో వేళ్ళు దిగుతాయి. చలికాలంలో గడ్డలోని పిండిపదార్థం చక్కెరగా మారి, కాడ సాగడానికి కావలసిన మార్పులు జరుగుతాయి. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో ఏ.హెచ్. బ్లావ్ అనే శాస్త్రవేత్త 1920ల నుంచి ఈ గడ్డల లోపలి కాలచక్రాన్ని ఓపికగా పరిశీలించి, ఏ దశకు ఎంత ఉష్ణోగ్రత కావాలో తేల్చే పనికి పునాది వేశాడు. అందులో మన పెరటికి అక్కరకొచ్చే సంగతి ఒకటుంది. పువ్వు తయారవడానికి వేసవి వెచ్చదనం కావాలి, తయారైన పువ్వు కాడెత్తి బయటికి రావడానికి చలి కావాలి. దాదాపు 9 డిగ్రీల సెల్సియస్‌కు లోబడిన చలి పన్నెండు నుంచి పదహారు వారాలు తగలాలి. అది చాలకపోతే మొగ్గ మట్టి దగ్గరే పొట్టిగా విచ్చుకుంటుంది, లేదా గడ్డలోనే మాడిపోతుంది.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది, దాన్ని గడ్డల సంచీ మీద ఎవరూ రాయరు. మనం నాటిన గడ్డ ఆ ఏడాదే చచ్చిపోతుంది. పువ్వుకూ ఆకులకూ తన ఆహారమంతా ధారపోసి, వేసవి నాటికి ఎండిన పొరలుగా మిగులుతుంది. దాని పొరల సందుల్లో పుట్టిన పిల్లగడ్డలు దాని స్థానం తీసుకుంటాయి. రెండో ఏడు పూసేది పాత గడ్డ కాదు, దాని పిల్ల. కాబట్టి ప్రశ్న పాత గడ్డను ఎలా కాపాడుకోవాలన్నది కానే కాదు. పిల్లగడ్డ పూసేంత పెద్దది అవుతుందా లేదా అన్నది. పూత అయిపోయిన నాటి నుంచి ఆకు పండిపోయే నాటి వరకు, అంటే సుమారు ఆరు వారాలు, ఆకు ఎండలో వండిన ఆహారమే దాని బరువు. ఆ వారాల్లో ఆకు కోస్తే పిల్లగడ్డ గోళీ అంత అయ్యి ఆగిపోతుంది. మరుసటి వసంతంలో మీకు కనిపించిన ఒంటి ఆకు అదే. పూయడానికి సత్తువ చాలని గడ్డ ఒక్క ఆకు వేసి, పెరగడానికి ప్రయత్నిస్తోందన్న మాట. దాన్ని పీకి పారేయకండి. మంచి ఎండ, కొంచెం ఎరువు తగిలితే ఒకటి రెండేళ్ళలో అది పూసే గడ్డ కాగలదు.

దీనికి సాక్ష్యం కావాలంటే డచ్ రైతుల పొలాల్ని చూడాలి. ఏప్రిల్‌లో చారలు చారలుగా పూసిన ఆ పొలాల ఫొటోలు లోకమంతా చూస్తుంది. కొద్ది రోజులకే యంత్రాలు వచ్చి ఆ పూలన్నిటి తలలు కోసేస్తాయి. చూడవచ్చినవాళ్ళ ప్రాణం ఉసూరుమంటుంది. రైతుకు అక్కడ కావలసింది పువ్వు కాదు, గడ్డ. విత్తనం కట్టడానికి పోయే ఆహారాన్ని గడ్డ వైపు మళ్ళించడానికే పువ్వును తుంచుతాడు. ఆకును మాత్రం జూన్ దాకా ముట్టుకోడు. ఇంట్లో మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. పువ్వు వాడిపోయి కాయ కట్టేదాకా చూస్తూ ఊరుకుంటాం, ఆ తర్వాత బాగా లేదని ఆకును కోసేస్తాం. తెలుగు నేల మీద తోటపని నేర్చుకున్న చేతికి ఈ పొరపాటు మరింత సహజం. మల్లెకు చలికాలంలో కొమ్మలు కత్తిరించి ఆకు దూస్తేనే వేసవికి మొగ్గ తొడుగుతుందని, గులాబీని కత్తిరిస్తేనే కొత్త చిగురు వస్తుందని మనకు తెలుసు. ఆ మొక్కలు కోసినకొద్దీ చిగురిస్తాయి. తులిప్‌కు ఉన్నవే రెండు నుంచి ఆరు ఆకులు. ఒక్కటి కోసినా ఆ ఏడాది దాని చోట మరొకటి రాదు. పూలను గుత్తిగా కట్టుకోవడానికి పొడుగాటి కాడతో, ఆకులతో సహా కోసుకుంటే ఆ గడ్డ మీద ఆశ వదులుకున్నట్టే. కోయదలచుకుంటే కనీసం రెండు ఆకులు నేల మీద మిగల్చండి. పువ్వు వాడగానే తల మాత్రం తుంచండి, పచ్చని కాడ ఉంచండి. అది కూడా ఎండను పట్టుకొని ఆహారం వండుతుంది.

ఇక నాటడం. అదను కార్తీకం. న్యూజెర్సీ, మిషిగన్, చికాగో వైపుగానీ ఇంగ్లండ్‌లోగానీ ఉన్నవారు దీపావళి దీపాలు సర్దేశాక గడ్డలు నాటితే కాలం సరిపోతుంది. నేల బాగా చల్లబడాలి, కాని గడ్డకట్టి పార దిగనంత కాకూడదు. సెప్టెంబర్‌లో అంగళ్ళలోకి వచ్చాయని అప్పుడే నాటితే వెచ్చని తడి మట్టిలో బూజు పడుతుంది. నవంబర్ నాటు తులిప్‌కు మేలని ఇంగ్లండ్ తోటమాలులు చెప్పేది అందుకే. మెల్‌బోర్న్‌లో ఉన్నవారికి ఋతువులు తిరగబడతాయి కనుక ఏప్రిల్, మే నెలల్లో నాటాలి, సెప్టెంబర్, అక్టోబర్‌లలో పూస్తుంది. లోతు గడ్డ ఎత్తుకు మూడు రెట్లన్నది కనీసపు లెక్క, అంటే 15 సెంటీమీటర్లు. మళ్ళీ మళ్ళీ పూయాలని కోరుకుంటే 20 దాకా వెళ్ళండి. లోతున నాటిన గడ్డ చిన్న చిన్న పిల్లలుగా విడిపోవడం తగ్గుతుందని తోటమాలులు అనుభవంతో చెబుతారు. పైగా ఉడుతలకూ అంత సులభంగా దొరకదు. మొన పైకి, వేళ్ళు వచ్చే చదునైన వైపు కిందికి. గడ్డకూ గడ్డకూ నడుమ జానెడు కన్నా కాస్త తక్కువ ఎడం చాలు. బంకమట్టి అయితే ముతక ఇసుకో సన్న కంకరో కలపాలి, లేదా మడిని ఎత్తుగా కట్టాలి. పచ్చి పేడ వద్దు, గడ్డ కుళ్ళుతుంది. ఎరువు వేసే వేళ కూడా చాలామంది తప్పుతారు. పువ్వు కోసమని మొగ్గ విచ్చాక వేస్తారు. అప్పటికి పువ్వు పని అయిపోయింది. వసంతంలో మొలక ముక్కు బయటపెట్టగానే వేస్తే అది ఆకుకు అందుతుంది, ఆకు ద్వారా పిల్లగడ్డకు అందుతుంది.

నాటడం కన్నా వేసవిలో చేసే పొరపాటు పెద్దది. అమెరికాలో తెలుగు కుటుంబాల పెరళ్ళలో ఇది మరీ ఎక్కువగా జరగడానికి ఆస్కారం ఉంది. చలి పోయి మే నెల చివరికి వచ్చేసరికి ఎండ బాగా తగిలే ఆ ఒక్క మడిలోనే టమాటా, బెండ, గోంగూర వేయాలి. తులిప్ ఆకులు ఇంకా పసుపెక్కుతూ ఉంటాయి. వాటిని పీకేసి గోంగూర నాటి, రోజూ నీరు పెడతారు. కింద గడ్డలు జూన్, జూలై, ఆగస్టు తడిలో నానుతూ ఉంటాయి. పుట్టింటి కొండల మీద ఎండి పడుకోవలసిన కాలంలో అవి నీళ్ళలో కుళ్ళిపోతాయి. గడ్డకు తన వేసవి దక్కితే ఎలా ఉంటుందో చెప్పడానికి కశ్మీర్ ఇళ్ళ పైకప్పులే ఆధారం. అక్కడ చెక్క పైకప్పు మీద మట్టి పరిచి తులిప్ గడ్డలు నాటుతారని, అవి ఏటేటా వసంతంలో పూస్తాయని మొఘల్ చక్రవర్తి జహంగీర్ తన జ్ఞాపకాల్లో రాశాడు. పైకప్పు మట్టికి ఎరువు లేదు, కాపలా లేదు. చలికాలంలో మంచు కప్పుతుంది, కరిగిన నీరు వాలు వెంట జారిపోతుంది, వేసవిలో మట్టి ఎండకు పెళుసెక్కుతుంది. పామీర్ వాలు ఇచ్చినదంతా ఆ ఇంటి కప్పు ఇచ్చింది. మీ పెరట్లో అలాంటి చోటు వెతకండి: గోడవారగా, నీళ్ళ గొట్టం చేరని, వేసవిలో ఏమీ నాటని మూల. ఆకురాల్చే చెట్టు కింద కూడా బాగుంటుంది. చెట్టు చిగురించేలోపు తులిప్‌కు కావలసిన ఎండ అందుతుంది, వేసవిలో చెట్టు వేళ్ళు తడిని పీల్చేస్తాయి. అలాంటి మూల లేకపోతే ఆకు పూర్తిగా పండాక గడ్డలు తవ్వి, మట్టి దులిపి, నీడన ఆరబెట్టి, గాలి ఆడే వల సంచీలో పొడిగా 20 డిగ్రీల వెచ్చదనం దగ్గర ఉంచండి. పెద్దవాటిని మళ్ళీ కార్తీకంలో ముందు వరుసలో, గోళీలంత వాటిని ఎక్కడో వెనక మడిలో నాటండి.

దీనికంతటికీ ఎదురయ్యే బలమైన ఆక్షేపణ ఒకటుంది. లోకంలో పేరున్న తులిప్ తోటలే ఏటా కొత్త గడ్డలు నాటుతుంటే మనకెందుకు ఈ శ్రమ అని. నిజమే. లిస్సె పట్టణంలోని కూకెన్‌హాఫ్‌లో ఏటా ఆకురాలు కాలంలో దాదాపు 70 లక్షల గడ్డలు చేత్తో నాటుతారు, వసంతంలో సుమారు ఎనిమిది వారాలు తోట తెరిచి ఉంచుతారు, ఆ తర్వాత తవ్వి తీసేస్తారు. ఢిల్లీ శాంతిపథ్‌లో ఫిబ్రవరిలో పూసేవి చలి పెట్టి సిద్ధం చేసిన దిగుమతి గడ్డలు. కాని ఆ తోటల అవసరం వేరు. చూడవచ్చిన లక్షలమందికి ప్రతి పువ్వూ ఒకే ఎత్తున, ఒకే రోజుల్లో, ఒక్క ఖాళీ లేకుండా కనిపించాలి. పిల్లగడ్డల పూత అంత ఒద్దికగా ఉండదు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, కొన్ని చోట్ల లోటు. ఇంటి ముంగిట ఆ కొరత లెక్కలోకి రానక్కర్లేదు. ఇక గడ్డలు చవకే కదా అనే మాట. చవకే, కాని ఒక్కొక్క గడ్డ వెనక కొన్నేళ్ళ సాగు ఉంది, తుపాకీ గుండులా ఒక్కసారి పేల్చి పారేయడానికి దాన్ని పెంచలేదు. అయినా ఏటా కొనుక్కోగలిగినవారిని నేను తప్పు పట్టను. తులిప్ స్వభావమే అంతని పక్కింటివారికి చెప్పవద్దని మాత్రం కోరతాను.

పండుతున్న ఆకులు ఇంటి ముందు అసహ్యంగా ఉంటాయన్నది రెండో ఆక్షేపణ. ఉంటాయి. ఆ ఆరు వారాలూ అందంగా ఉంటాయని చెప్పడం అబద్ధం. కొందరు ఆకుల్ని జడలా అల్లి, ముడివేసి దాస్తారు. దానివల్ల ఎండ తగిలే విస్తీర్ణం తగ్గుతుంది, ఆకు నలుగుతుంది. కోసినంత కాకపోయినా నష్టమే. దీనికి పనికొచ్చే ఉపాయం తులిప్‌లను మడి ముందు అంచున కాక నడుమ నాటడం. ముందు వరుసలో మే నెలలో గుబురుగా ఎదిగే మొక్కలు పెడితే అవి లేచి, పండుతున్న ఆకుల్ని తామే కప్పేస్తాయి. పచ్చికలో నాటితే మాత్రం ఇది కుదరదు. అక్కడ గడ్డి కోసే యంత్రం ఆకులు పండేదాకా ఆగదు.

ఒక మాట ఒప్పుకోవాలి. అన్ని రకాలూ తిరిగి రావు. రేకులు చిరిగినట్టుండే పారట్ రకాలు, ముద్దపూల రకాలు ఎంత శ్రద్ధ చేసినా ఒకటి రెండేళ్ళకే డీలాపడతాయి. వాటిని ఆ ఏడాది సంబరంగానే కొనుక్కోవాలి. ఏళ్ళు నిలవాలంటే డార్విన్ హైబ్రిడ్ రకాలు అడగండి, ఎర్రని ఆపల్‌డోర్న్ వాటిలో పాత పేరు. ఇంకా మేలైనవి కొండజాతి పొట్టి తులిప్‌లు: కాఫ్‌మానియానా, గ్రైగీ, క్లూసియానా, తార్దా. పువ్వు చిన్నదే కాని తమ కొండల అలవాటు మరిచిపోలేదు, నచ్చిన చోట పిల్లలు పెట్టి గుంపులవుతాయి. క్లూసియానా అన్న పేరు 1593లో లైడెన్ విశ్వవిద్యాలయ తోటలో తులిప్ నాటిన కరోలస్ క్లూసియస్‌ది. ఆ మరుసటి ఏడు పూసిన ఆ మొక్కల తర్వాతే హాలండ్‌కు తులిప్ పిచ్చి పట్టింది. 1637 ఫిబ్రవరిలో ధరలు కుప్పకూలిన కథ అందరికీ తెలిసిందే. ఆ వెర్రిలో ఇంటి ఖరీదు పలికిన చారల పూలు జబ్బుపడ్డ పూలన్న సంగతి చాలామందికి తెలియదు. పేనుబంక మోసుకొచ్చే వైరస్ వల్ల రంగు విరిగి చారలు వస్తాయి. ఇది అంటుకునే జబ్బని 1928లో డొరతీ కేలీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త చూపించింది. ఆ వైరస్ గడ్డను ఏటికేడు క్షీణింపజేస్తుంది. చారల రకాలు అంత అరుదు కావడానికి అదీ ఒక కారణం. మీ మడిలో నిండురంగు నాటిన చోట చారల పువ్వు వస్తే మురిసిపోకండి, గడ్డతో సహా పీకేయండి. ఆకులు కాలినట్టు మెలితిరిగి, గోధుమరంగు మచ్చలు పడితే అది బూజు తెగులు. ఆ మొక్కల్ని తీసేసి, మూడేళ్ళు ఆ చోట తులిప్ నాటకూడదు.

ఇక హైదరాబాద్, విజయవాడల్లో కుండీ ముందు కూర్చున్నవారికి చెప్పవలసింది. హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రులు సగటున 15 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. లంబసింగిలో తెల్లవారుజామున సున్నా దగ్గరికి దిగినా పగలు ఎండకు నేల మళ్ళీ వెచ్చబడుతుంది. తులిప్‌కు కావలసినది వారాల తరబడి నిలిచే చలి. కాబట్టి చలిని ఫ్రిజ్‌లోనే ఇవ్వాలి. గడ్డల్ని కాగితపు సంచీలో పెట్టి, కూరగాయల అరలో 5 నుంచి 7 డిగ్రీల మధ్య పన్నెండు వారాల పైన ఉంచండి. పక్కన ఆపిల్, అరటి వంటి పండ్లు ఉండకూడదు. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది. సంచీ మీద పేరు రాయండి, అవి చూడటానికి అచ్చం చిన్న ఉల్లిపాయల్లా ఉంటాయి, తింటే ఒంటికి పడవు. డిసెంబర్ చివరలో నాటి, కుండీని ఉదయపు ఎండకే పరిమితం చేస్తే ఫిబ్రవరిలో పొట్టి కాడతోనైనా పువ్వు చూడవచ్చు. కొనే ముందు చలి పెట్టిన గడ్డలా కాదా అని అడగండి, పెట్టినవైతే ఇంత కాలం ఫ్రిజ్‌లో ఉంచనక్కర్లేదు. తులిప్ విత్తనాలంటూ అమ్మేవాటిని కొనవద్దు, విత్తనం నుంచి పువ్వుకు అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. సియామ్ తులిప్ అని దొరికేది తులిప్ కాదు, పసుపు జాతి మొక్క. మన వానల్లో చక్కగా పూస్తుంది, అది తెలిసి కొనుక్కుంటే మంచిదే.

అయితే ఇంతదాకా చెప్పిన రెండో వసంతం మన మైదానాల్లో రాదు. మార్చి ఎండకు ఆకు రెండు మూడు వారాల్లోనే మాడిపోతుంది, పిల్లగడ్డ ఎదిగే వ్యవధి దొరకదు. ఇక్కడ తులిప్ నిజంగానే ఒక్క ఏడాది మొక్క. ఆ ఒక్క పువ్వు చూడాలన్న కోరిక ఉంటే ఒకసారి తీర్చుకోండి, గడ్డ మీద ఆశ పెట్టుకోకండి. తులిప్ వాడిపోయాక అదే కుండీలో నేలసంపెంగ దుంపలు నాటండి. వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు, మన ఎండ సరిపోతుంది, పిలకలు పెట్టుకుంటూ ఏటా పూస్తాయి.